కరోనా మీద మన పోట్లాట అసలు దేని గురించి?

2025 మే నెలాఖరు. విజయవాడ కృష్ణలంకలో మా పెద్దమ్మ తద్దినం. ఆమె 2021 మేలో కరోనాతో పోయింది. భోజనాలయ్యాక ముందు గదిలో ఎవరో టీవీ పెట్టారు. కింద స్క్రోలింగ్‌లో కొత్త వేరియంట్ అనీ, కేసులు మళ్ళీ పెరుగుతున్నాయనీ వస్తోంది.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే హమాలీల ముఠాకి మేస్త్రి. అది చదివి, "ఇంకోసారి లాక్‌డౌన్ అంటే మాత్రం మావాళ్ళు ఊరుకోరు" అన్నాడు. విజయవాడలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా అక్క చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"ఊరుకోక ఏం చేస్తారు బాబాయ్? వార్డు బయట ఆటోల్లో కూర్చుని ఆక్సిజన్ కోసం ఎదురుచూసినవాళ్ళని నువ్వు చూళ్ళేదు."

"నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగంలో ఉన్నావు కాబట్టి అంటున్నావమ్మా."

"నీకు ప్రాణాల కన్నా టిక్కీలు ఎక్కువైపోయాయి."

బాబాయి ఇంకేం మాట్లాడలేదు. చెప్పులేసుకుని బస్టాండుకి వెళ్ళిపోయాడు. అక్క వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ రోజు నుంచి ఈ సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇద్దరి మాటల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేకా కాదు. అయినా అంత మాట ఎందుకు వచ్చిందా అని ఆలోచిస్తే, కరోనా అనే ఒక్క పేరు కింద మనం నాలుగైదు వేరే వేరే తగాదాలు పడుతున్నామని అర్థమైంది. వాటిని విడదీసి చూసే ప్రయత్నమే ఇది.

ఒకే మాట, ఇద్దరికి రెండు అర్థాలు

ముందు మాటల సంగతి. ఒక ప్రాంతంలో జబ్బు మామూలు కన్నా ఎక్కువగా, వేగంగా పాకితే ఎపిడెమిక్ అంటారు. అదే దేశాలు దాటి ప్రపంచమంతా పాకితే పాండెమిక్, మన పత్రికలు పెట్టిన పేరు మహమ్మారి. తెలుగులో ఆ మాట వినగానే ఊళ్ళు తుడిచిపెట్టుకుపోవడం గుర్తొస్తుంది. శాస్త్రంలో ఆ పదం చెప్పేది జబ్బు ఎంత దూరం పాకిందనే. ఎంతమందిని చంపుతుందన్నది దానికి వేరే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ని మహమ్మారి అన్నది. 2023 మే 5న ముగిసిందని చెప్పింది అత్యవసర పరిస్థితి మాత్రమే. వైరస్ పోయిందని ఎవరూ అనలేదు. అందుకే "అయిపోయిందన్నారుగా, మళ్ళీ ఎక్కడిది?" అనే ప్రశ్న ప్రతి కొత్త వేరియంట్‌కీ వస్తోంది.

జబ్బు ఉన్నవాళ్ళని వేరుగా ఉంచితే ఐసోలేషన్. సోకిందేమోనని అనుమానం ఉన్నవాళ్ళని కొన్నాళ్ళు ఆపితే క్వారంటైన్.

మా ఇంటి గొడవకి మూలమైన మాట మాత్రం లాక్‌డౌన్. 2020 మార్చి 24 రాత్రి ప్రకటించి, తెల్లవారితే 25 నుంచి దేశమంతా అమలు చేసింది ఒకటి. మొదట 21 రోజులన్నారు, పొడిగించుకుంటూ మే 31 దాకా తెచ్చారు. 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టింది వేరొకటి. అప్పుడు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా దుకాణాలు తెరిచి ఉండేవి, ఆ తర్వాత కర్ఫ్యూ. బాబాయి లాక్‌డౌన్ అంటే ఆయన కళ్ళ ముందున్నది 2020. అక్క విన్నది 2021. మొదటిదాన్లో విజయవాడలో కేసులు తక్కువ, ఆకలి ఎక్కువ. రెండోదాన్లో ఆస్పత్రుల్లో మంచాలే లేవు. ఒకే మాట అంటూ ఇద్దరూ రెండు వేరే సంవత్సరాల గురించి కొట్టుకున్నారు.

యార్డు మూతపడ్డప్పుడు ఎవరికి ఎంత పడింది

మిరపకాయ సీజన్ గుంటూరుకి ఏడాది బతుకు. జనవరి నుంచి మే దాకా కల్లాల నుంచి సరుకు యార్డుకి వస్తూనే ఉంటుంది. సరిగ్గా ఆ మధ్యలో, 2020 మార్చి చివర్లో, యార్డు మూశారు. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికిన రైతు ధర కోసం ఆగగలిగాడు. దొరకనివాడు కల్లంలో పట్టాలు కప్పి, మబ్బు పడితే టెన్షన్ పడుతూ కాపలా కాశాడు. కర్నూలు జిల్లా నుంచి కోతలకి వచ్చిన కూలీ కుటుంబాలు ఇటు పనీ లేక, అటు బస్సూ లేక పొలాల దగ్గరే చిక్కుకుపోయాయి.

హమాలీ సంగతి వీళ్ళందరి కన్నా వేరు. అతనికి రోజు కూలి ఉండదు. టిక్కీ ఎత్తితేనే డబ్బు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైచిలుకు తూగుతుంది. బస్తా కదలకపోతే ఆ రోజు సంపాదన సున్నా. రేషన్ కార్డున్న పేద కుటుంబాలకి ఏప్రిల్‌లో ప్రభుత్వం వలంటీర్ల చేత 1000 రూపాయలు ఇంటికి పంపింది, బియ్యం ఉచితంగా ఇచ్చింది. అది అందింది. కానీ ఇంటద్దె, పాలు, మందులు బియ్యంతో గడవవు.

ఇప్పుడు ఇదే యార్డుని అక్క కళ్ళతో చూడాలి. పక్కపక్కనే చెమటతో బస్తాలు మోసే వేల మంది, ఊళ్ళ నుంచి లారీల మీద వచ్చే రైతులు, బయటి రాష్ట్రాల వ్యాపారులు, అందరూ ఒకే చోట. పైగా ఒక చిత్రమైన ఇబ్బంది. యార్డులో ఘాటుకి ఏడాది పొడుగునా అందరూ దగ్గుతూ తుమ్ముతూనే ఉంటారు. "దగ్గుంటే ఇంట్లో ఉండండి" అనే సలహా అక్కడ ఎవరికి చెప్పగలం? ఏ దగ్గు మిరపది, ఏ దగ్గు వైరస్‌ది అని చూసి చెప్పలేం. జబ్బు పాకాలంటే ఇంతకంటే అనువైన చోటు ఉండదని నర్సు అనుకోవడంలో తప్పేముంది?

కాబట్టి "యార్డు మూయాలా వద్దా" అన్న దాంట్లో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. మూస్తే జబ్బు ఎంత తగ్గుతుంది అన్నది ఒకటి. దీనికి కొలతలు, లెక్కలు కావాలి. ఆ తగ్గినదానికి ఎవరు ఎంత చెల్లించుకోవాలి అన్నది రెండోది. ఇది ఏ ల్యాబ్‌లోనూ తేలదు. అక్క మొదటి ప్రశ్నకి జవాబు చెప్తోంది, బాబాయి రెండో ప్రశ్న అడుగుతున్నాడు. ఆయన్ని "ప్రాణాలంటే లెక్కలేదు" అనడం ఎంత అన్యాయమో, ఆమెని "జీతగాళ్ళ మాట" అనడమూ అంతే అన్యాయం.

లెక్కల్లో ఇద్దరూ కరెక్టే అయ్యే చోట

"సోకినవాళ్ళలో నూటికి ఒకరు పోయారు" అని ఒకరంటే, "అంత లేదు, వెయ్యికి ఒకరే" అని ఇంకొకరంటారు. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టు అనిపిస్తుంది. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు చూడండి. ఒక ఊళ్ళో పది వేల మందికి వైరస్ సోకింది. చాలామందికి లక్షణాలు లేవు, కొందరు టెస్టుకి వెళ్ళలేదు. పాజిటివ్ అని తేలింది వెయ్యి మంది. చనిపోయింది పది మంది. తేలిన కేసుల్లో చూస్తే నూటికి ఒకరు. నిజంగా సోకినవాళ్ళందరిలో చూస్తే వెయ్యికి ఒకరు. పైన అంకె అదే పది, కింద భాగించే అంకె మారింది.

వెయ్యికి ఒకరంటే చిన్నదే అనిపిస్తుంది. విజయవాడ లాంటి పది లక్షల జనాభా దాటిన ఊరికి అందరికీ సోకితే అది వెయ్యి మంది. ఆ వెయ్యి మంది మూడేళ్ళలో పోవడం ఒక రకం దుఃఖం. నెల రోజుల్లో పోవడం పూర్తిగా వేరు. రెండోదాన్లో మంచాలు చాలవు, ఆక్సిజన్ చాలదు, బతకాల్సినవాళ్ళు కూడా పోతారు. "రేటు తక్కువే" అనేవాళ్ళు సాధారణంగా ఈ వేగం సంగతి వదిలేస్తారు. "ఇంతమంది పోయారు" అనేవాళ్ళు ఎంతమందిలో అన్నది వదిలేస్తారు.

ఇంకో లెక్క టీకా గురించి. "ఆస్పత్రిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవాళ్ళే, ఇంక ఎందుకది?" అని మావాళ్ళలోనే చాలామంది అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. వెయ్యి మంది ఉన్న కాలనీ అనుకుందాం. 900 మంది వేయించుకున్నారు, 100 మంది వేయించుకోలేదు. మొదటివాళ్ళలో తొమ్మిది మంది ఆస్పత్రిలో చేరారు, రెండోవాళ్ళలో ఐదుగురు. వార్డులోకి వెళ్ళి చూస్తే పద్నాలుగు మందిలో తొమ్మిది మంది టీకా వేయించుకున్నవాళ్ళే. కానీ 900లో తొమ్మిది అంటే నూటికి ఒకరు, 100లో ఐదు అంటే నూటికి ఐదుగురు. వార్డులో కనిపించింది నిజం. టీకా ముప్పుని ఐదో వంతుకి తగ్గించిందన్నదీ నిజం. అందరికీ టీకా వేస్తే ఆస్పత్రిలో చేరినవాళ్ళందరూ టీకా వేయించుకున్నవాళ్ళే అవుతారు మరి.

నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట

జనం నమ్మకం ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే అనుకుంటాను. 2020 మొదట్లో మామూలు జనానికి మాస్క్ అక్కర్లేదన్నారు. అప్పటికి ఆధారాలు తక్కువ, డాక్టర్లకే మాస్కులు దొరకవేమోనన్న భయమూ ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో మన కేంద్ర ప్రభుత్వం ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్క్ అయినా పెట్టుకోమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న, వ్యాప్తి ఉన్న చోట్ల జనం గుడ్డ మాస్కులు వాడాలని చెప్పింది. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసి రోగులకి ఎక్కించిన ప్లాస్మా సంగతీ అంతే. దాతల కోసం ఊరూరా ఫోన్లు తిరిగాయి. 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన పరీక్షలో దానివల్ల మరణాలు తగ్గలేదని 2020లోనే తేలింది. చికిత్స మార్గదర్శకాల్లోంచి తీసేసింది మాత్రం 2021 మేలో. అప్పటికి ఎన్ని కుటుంబాలు ప్లాస్మా కోసం రాత్రుళ్ళు తిరిగాయో.

"కొత్త సంగతి తెలిస్తే మాట మారుతుంది, శాస్త్రమంటేనే అది" అని ఒక పక్షం. "రోజుకో మాట చెప్పేవాళ్ళని ఎట్లా నమ్మాలి?" అని ఇంకో పక్షం. నాకు రెండిట్లోనూ న్యాయం కనిపిస్తుంది. మనకి బాగా తెలిసిన తుపాను హెచ్చరికలతో పోల్చి చూడండి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చినప్పుడు, నెల్లూరుకీ మచిలీపట్నానికీ మధ్య ఎక్కడో తీరం దాటుతుందని ముందు చెప్పారు. చివరికి 5న బాపట్ల దగ్గర దాటింది. మచిలీపట్నం వాళ్ళు ఎవరూ "మోసం చేశారు" అనలేదు. ఎందుకంటే వాతావరణ శాఖ మొదటి నుంచీ "అవకాశం ఉంది" అనే చెప్పింది, దగ్గరికి వచ్చేకొద్దీ చోటు తేల్చింది. కరోనా విషయంలో చాలామంది అధికారులు, టీవీల్లో డాక్టర్లు తమకి తెలిసినదాని కన్నా గట్టిగా చెప్పారు. మాట మారినందుకు కాదు, మొదటి మాట అంత ఖాయంగా చెప్పినందుకు జనానికి కోపం వచ్చింది.

కోవిషీల్డ్ రెండో డోసు గడువు ఇంకో ఉదాహరణ. మొదట 4 నుంచి 6 వారాలన్నారు, తర్వాత 6 నుంచి 8, 2021 మే 13న 12 నుంచి 16. గడువు పెరిగితే రక్షణ బాగుంటోందని బ్రిటన్ అనుభవం చెప్తోందని ప్రభుత్వం అంది. టీకాలు దొరక్క ఇట్లా చెప్తున్నారని జనం అన్నారు. టీకాలు చాలని మాట వాస్తవం, వ్యాక్సిన్ కేంద్రాల ముందు క్యూలు మనం చూశాం. గడువు పెరగడం వల్ల మేలుందన్న ఆధారమూ వాస్తవమే. ఒక నిర్ణయానికి మంచి కారణమూ, ఇబ్బంది వల్ల వచ్చిన కారణమూ రెండూ ఉండొచ్చు. ఆ రెండోది కూడా ఒప్పుకుని చెప్పి ఉంటే సగం అనుమానం పోయేది.

ఎన్నికల గొడవలో పక్షాలు తారుమారైన కథ

ఎవరు నిర్ణయించాలి అనేది ఇంకో రకం తగాదా. దీనికి మన రాష్ట్రంలో జరిగినంత చక్కని ఉదాహరణ ఇంకెక్కడా దొరకదు.

2020 మార్చి 15. స్థానిక ఎన్నికల వేడి మీద ఉన్నాం. రాష్ట్రంలో అప్పటికి తేలింది నెల్లూరులో ఒక్క కేసు. రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా ఎన్నికలు ఆరు వారాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. తమని సంప్రదించలేదు, ఎన్నికలు జరగకపోతే కేంద్రం నుంచి రావాల్సిన నిధులు ఆగుతాయి, ఇంత చిన్న వ్యాప్తికి వాయిదా ఏమిటి అన్నది. సుప్రీంకోర్టు వాయిదాలో జోక్యం చేసుకోలేదు, ఎన్నికల కోడ్ మాత్రం ఎత్తేయమంది.

పది నెలలు తిరిగాయి. 2021 జనవరిలో అదే కమిషనర్ పంచాయతీ ఎన్నికలు పెడతానన్నారు. ఈసారి ప్రభుత్వమూ, ఉద్యోగ సంఘాలూ కరోనా ఉంది, టీకాల పని మొదలైంది, ఇప్పుడు వద్దు అన్నాయి. జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలకే దారి ఇచ్చింది. ఫిబ్రవరిలో నాలుగు దశల్లో పంచాయతీలకి, మార్చి 10న విజయవాడ, గుంటూరు సహా పట్టణాలకి పోలింగ్ జరిగింది.

కరోనా కాబట్టి ఆపాలన్నవాళ్ళు జరపాలన్నారు, జరపాలన్నవాళ్ళు ఆపాలన్నారు. ఆ రోజుల్లో విజయవాడ బీసెంట్ రోడ్డు టీ కొట్టు దగ్గర కూడా ఇదే వాదన, అక్కడా జనం తమ పార్టీతో పాటు పక్క మారారు. దీన్నిబట్టి అందరూ అబద్ధాలకోరులే అనేయడం తేలిక. నిదానంగా చూస్తే రెండు వైపులా కారణాలున్నాయి. మార్చి 2020లో ముందేం రాబోతోందో ఎవరికీ తెలియదు, తెలియనప్పుడు ఆగడం ఒక పద్ధతి. జనవరి 2021లో కేసులు తగ్గాయి, కానీ వేలమంది సిబ్బందికి ఇంకా టీకా పడలేదు. అసలు గొడవ మాత్రం వైరస్ గురించి కాదు. ఎన్నికలెప్పుడో చెప్పే అధికారం రాజ్యాంగ సంస్థదా, ఎన్నికైన ప్రభుత్వానిదా అన్నది. ఆ ప్రశ్న కరోనా ముసుగు వేసుకుని వచ్చింది. అది గుర్తుంటే ఎదుటివాణ్ణి "నీకు జనం చచ్చినా పర్లేదా" అనాల్సిన పని ఉండేది కాదు.

2021 జూన్‌లో ఇంటర్ పరీక్షల మీద రేగిన వాదన దీనికి వ్యతిరేకం. అక్కడ అధికారం కన్నా విలువలది గొడవ. విజయవాడ, గుంటూరు చుట్టూ ఎన్ని రెసిడెన్షియల్ కాలేజీలున్నాయో తెలుసు కదా. మార్కులు లేకపోతే పిల్లల భవిష్యత్తు ఏమిటని ప్రభుత్వం పరీక్షలు పెడతానంది. ఒక్క విద్యార్థి పోయినా బాధ్యత రాష్ట్రానిదేనని సుప్రీంకోర్టు అనడంతో జూన్ 24న రద్దు చేశారు. ఒక తల్లికి మార్కులు ముఖ్యం, ఇంకో తల్లికి పిల్లాడు హాలుకి వెళ్ళకపోవడం ముఖ్యం. ఈ ఇద్దరిలో తెలివితక్కువవాళ్ళు ఎవరూ లేరు.

కృష్ణపట్నం క్యూ గురించి

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది వెళ్ళారు. మా వీధి నుంచి కూడా అద్దె కారులో వెళ్ళినవాళ్ళున్నారు. చదువుకున్న కొందరు వాళ్ళని వెర్రివాళ్ళన్నారు. వాళ్ళు వీళ్ళని మందుల కంపెనీల మనుషులన్నారు.

జరిగింది ఇది. గుంపులు పెరగడంతో పంపిణీ ఆపించి, ప్రభుత్వం ఆయుర్వేద పరిశోధన సంస్థ చేత పరిశీలింపజేసింది. దానివల్ల కోవిడ్ నయమవుతుందనడానికి ఆధారాలు లేవు, హాని ఉన్నట్టూ కనిపించలేదు అని చెప్పి మే 31న అనుమతి ఇచ్చింది. డాక్టర్లు రాసిన మందులు ఆపకుండా దీన్ని వాడుకోవచ్చంది. కంట్లో వేసే చుక్కలకి మాత్రం ఆ రోజు అనుమతి ఇవ్వలేదు.

"హాని లేదు", "పనిచేస్తుంది" అనేవి రెండు వేరే వాక్యాలు. అనుమతి వచ్చిందంటే పనిచేస్తుందని తేలినట్టేనని ఒకరు చదువుకున్నారు. ఆధారం లేదంటే పనిచేయదని తేలినట్టేనని ఇంకొకరు చదువుకున్నారు. నా అభిప్రాయం దాచను. పరీక్షలో తేలని మందుని నేను నమ్మను. నయమైందని చెప్పినవాళ్ళలో చాలామందికి ఏ మందూ లేకపోయినా నయమయ్యేదే, ఎందుకంటే కోవిడ్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే కోలుకున్నారు. కానీ ఆ క్యూలో నిలబడ్డ మనిషి లోపలి సంగతి వేరు. ఆస్పత్రిలో మంచం లేదు, ఇంట్లో తండ్రి ఆక్సిజన్ పడిపోయి 88 చూపిస్తోంది, డబ్బు తీసుకోకుండా ఎవరో మందు ఇస్తున్నారని తెలిసింది. వెళ్ళాడు. అతను శాస్త్రాన్ని కాదన్నాడని నేను అనుకోను. శాస్త్రం ఉన్న తలుపు తట్టాడు, తెరుచుకోలేదు, పక్క తలుపు తట్టాడు.

శాస్త్రవేత్తలే రెండుగా చీలినప్పుడు

"సైంటిస్టులంతా ఒకటే అంటుంటే నువ్వెవరు?" అనేది చాలామంది నోరు మూయించిన మాట. అంతా ఒకటే అనలేదు. 2020 అక్టోబర్‌లో సునేత్ర గుప్తా, జై భట్టాచార్య, మార్టిన్ కుల్‌డార్ఫ్ అనే ముగ్గురు గ్రేట్ బారింగ్టన్ ప్రకటన ఇచ్చారు. ముప్పు ఎక్కువున్న ముసలివాళ్ళని గట్టిగా కాపాడాలి, మిగతావాళ్ళని మామూలుగా బతకనివ్వాలి అన్నారు. అదే నెలలో ఇంకో శాస్త్రవేత్తల బృందం జాన్ స్నో మెమొరాండం పేరుతో లాన్సెట్ పత్రికలో జవాబిచ్చింది. వ్యాప్తిని వదిలేస్తే ముసలివాళ్ళని విడిగా కాపాడటం జరిగే పని కాదంది.

మొదటివాళ్ళ మాటలో బలం ఉంది. యార్డు హమాలీల తరఫున బాబాయి చెప్పిందీ దాదాపు అదే. రెండోవాళ్ళ మాట ఎంత నిజమో తెలుసుకోవాలంటే మన విజయవాడ కొండ ప్రాంతం ఇళ్ళు చూడాలి. రెండు గదుల ఇంట్లో నాయనమ్మ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు, మెట్ల పక్కన ఒకటే కుళాయి. కొడుకు ఆటో నడిపి రాత్రికి ఇంటికొస్తాడు. నాయనమ్మని విడిగా ఏ గదిలో ఉంచుతారు? పైగా అప్పటికి టీకాలు కొద్ది నెలల దూరంలో ఉన్నాయి, ఆగితే ఫలితం ఉండేది. మన దగ్గరికి వచ్చేసరికి నాకు రెండో వాదనే బరువుగా తోస్తుంది.

వాదన ఎటు మొగ్గినా, జరిగిన తీరు బాగాలేదు. అప్పటి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ అధిపతి ఫ్రాన్సిస్ కాలిన్స్ తన ఈమెయిల్లో ఆ ముగ్గురినీ ఎవరూ పట్టించుకోనక్కర్లేని అంచు మనుషులన్నట్టు రాశారు. అదే కాలిన్స్ 2023లో ఒక సభలో ఒప్పుకున్నారు, మేం ప్రాణం కాపాడటానికి అనంతమైన విలువ ఇచ్చి, జనం బతుకులు తలకిందులవడానికి సున్నా విలువ ఇచ్చాం అని. ఆ ముగ్గురిలో ఒకరైన భట్టాచార్య 2025లో అదే సంస్థకి అధిపతి అయ్యారు.

టీకా బలవంతం మీద కోర్టు ఎక్కడ గీత గీసింది

మన దేశంలో ఈ ప్రశ్న పాతదే. 1897లో పుణేలో ప్లేగు అదుపు పేరుతో సిపాయిలు ఇళ్ళలోకి చొరబడ్డారు. ఆ కోపంలో ప్లేగు అధికారి రాండ్ హత్య జరిగింది. ప్లేగు నిజం, అవమానమూ నిజం. అదే ఏడాది చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లోనూ బయటికి తీశారు.

2022 మే 2న, టీకా తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసిన జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, మనిషి శరీరం మీద హక్కు అతనిదేనని చెప్పింది. అదే తీర్పులో, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చని, అవి అవసరానికి తగ్గట్టు ఉండాలని కూడా చెప్పింది. టీకా విధానం అన్యాయంగా లేదంది, దుష్ఫలితాల వివరాలు జనానికి తెలిసేలా పెట్టమంది. రెండు పక్షాలూ ఈ తీర్పులో తమకి నచ్చిన సగమే షేర్ చేసుకున్నాయి. 2024లో కోవిషీల్డ్ వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని ఆ టీకాని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడూ అంతే. ఆ సంగతి 2021 నుంచే యూరప్ నియంత్రణ సంస్థలు బయటపెట్టినది. చాలా అరుదు అనేది నిజం, ఆ అరుదు తమ ఇంట్లో జరిగినవాళ్ళకి అది నూటికి నూరు.

పోయినవాళ్ళ లెక్క

అన్నిటికన్నా బరువైన తగాదా ఇది. 2020, 2021 రెండేళ్ళలో భారతదేశంలో మామూలు కన్నా అదనంగా 47 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అధికారిక కోవిడ్ మరణాలు అప్పటికి సుమారు 4.8 లక్షలు. గణిత నమూనాలతో మన లెక్క వేయడం సరికాదని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అదనపు మరణం అంటే కోవిడ్‌తో పోయిందనే కాదు. ఆస్పత్రులు నిండి గుండెపోటుకి వైద్యం అందక పోయినవాళ్ళూ అందులో వస్తారు. 2025 మేలో బయటికొచ్చిన మన రిజిస్ట్రేషన్ లెక్కల్లో 2020లో నమోదైన మరణాలు సుమారు 81 లక్షలు, 2021లో సుమారు 1 కోటి 2 లక్షలు. ఏటా నమోదు మెరుగుపడుతున్నా, ఒక్క ఏడాదిలో ఇరవై లక్షల తేడా దానివల్లే వచ్చిందని నేను అనుకోలేను. మా పెద్దమ్మ ఆ కోటీ రెండు లక్షల్లో ఒకరు. ఆమె కాగితం మీద కారణం న్యుమోనియా అని ఉంది.

మొన్న దసరాకి అక్కా నేనూ గుంటూరు వెళ్ళాం. కాసేపు పొడి మాటలయ్యాక అక్క అడిగింది, "2020లో ఆ రెండు నెలలు మీవాళ్ళు ఎట్లా గడిపారు బాబాయ్?" అని. ఐదేళ్ళలో ఎవరూ ఆయన్ని ఆ మాట అడగలేదనుకుంటాను. లోపలికి వెళ్ళి బీరువా పైనుంచి అట్ట చిరిగిన చిట్టా పుస్తకం తెచ్చాడు. ముఠాలో ఒక్కొక్కరి పేరు, ఎదురుగా తను ఇచ్చింది. 500. 300. బియ్యం పది కిలోలు. మళ్ళీ 200. రెండు పేర్ల మీద అడ్డంగా గీత ఉంది.

"వీళ్ళు బాకీ తీర్చేశారా?" అంది అక్క.

"లేదమ్మా. ఇతను 21 మేలో పోయాడు. ఇతను ఆ తర్వాత వారం."

అక్క పుస్తకం మూయలేదు. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళారు, ఎన్నాళ్ళున్నారు, అప్పటికి ఆక్సిజన్ ఎంత చూపించింది అని అడుగుతూ కూర్చుంది. బాబాయి ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెప్తూ పోయాడు.